నొప్పి బిళ్ళ లోపల ఏముంది?

1937లో ఇండియన్ మెడికల్ గెజెట్ అనే పత్రికలో మూడు పేజీల వ్యాసం ఒకటి అచ్చయింది. రాసినవారు షార్ట్, పండిట్, రాఘవాచారి. నెల్లూరు జిల్లా పల్లెల్లో మనుషుల వెన్నులూ కీళ్ళూ బిగుసుకుపోవడానికీ, పళ్ళు గారపట్టడానికీ మూలం బావి నీళ్ళలోని ఫ్లోరైడ్ అని అందులో చెప్పారు. నాటి నెల్లూరు జిల్లా హద్దులు వేరు. పొదిలి, దర్శి, కనిగిరి అందులో ఉండేవి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లావి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఇవన్నీ ఒక్కచోటికి చేరాయి. నీళ్ళ బాధ మాత్రం జిల్లా మారినా పోలేదు.

ఆ పాత వ్యాసాన్ని ఇవాళ తర్లుపాడు స్టేషన్‌లో గుంటూరు రైలు కోసం కూర్చున్నవాళ్ళు ఫోన్‌లో చదువుకోవచ్చు, పైసా ఖర్చు లేకుండా. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం ఆ గెజెట్ పాత సంచికలను స్కాన్ చేయించి అందరికీ తెరిచిపెట్టింది. మన ఊళ్ళ రోగం గురించి దాదాపు తొంభై ఏళ్ళ కిందట రాసిన కాగితం వాషింగ్టన్ పక్కనున్న గ్రంథాలయం నుంచి మన చేతికి వస్తోంది. అంత దూరం నుంచి సమాచారం వస్తున్నప్పుడు, సందు చివరి మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి బిళ్ళ సంగతి మాత్రం ఎందుకు తెలియకూడదు? ఈ అధ్యాయం ఆ ప్రశ్న గురించే.

ఈ ప్రాంతంలో కీళ్ళనొప్పి లేని ఇల్లు అరుదు. ఫ్లోరైడ్ ఒక కారణం, వయసు ఒక కారణం, బరువు పనులు మరో కారణం. తర్లుపాడు మండలంలో ఒక రైతును ఊహించుకుందాం. అరవై దాటిన మనిషి. బీపీకి రోజూ ఉదయం ఒక మాత్ర. అందులో టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ అనే రెండు మందులు కలిసి ఉన్నాయి. మోకాళ్ళ నొప్పికి పొద్దునొకటి, రాత్రొకటి నొప్పి బిళ్ళ. ఎండ 44 డిగ్రీలు దాటిన రోజుల్లో పొలంలో చాకిరీ చేశాడు. మూడో నాటికి మూత్రం బాగా తగ్గింది, వికారం, కాళ్ళలో నీరు. ఊళ్ళోని విలేజ్ క్లినిక్‌కి వచ్చాడు. అక్కడున్న నర్సింగ్ చదివిన కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు ఆయన సంచీలోంచి మందుల షీట్లు తీసి బల్ల మీద పెట్టింది. ఇప్పుడు ఆమె ఫోన్‌లో ఏం వెతకాలి?

ముందు ఆ రైతు కిడ్నీలో ఏం జరుగుతోందో చూద్దాం. ఒక్కో కిడ్నీలో రక్తాన్ని వడపోసే సన్నటి నాళాల ఉండలు సుమారు పది లక్షలు ఉంటాయి. ప్రతి ఉండకూ రక్తం తెచ్చే నాళం ఒకటి, తీసుకుపోయే నాళం ఒకటి. వడపోత సాగాలంటే ఉండ లోపల ఒత్తిడి నిలవాలి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచుతాయి. యాంజియోటెన్సిన్ అనేది తీసుకుపోయే నాళాన్ని బిగించి పడుతుంది. కరువులోనూ కిడ్నీ పని ఆగకుండా శరీరం చేసుకున్న ఏర్పాటు ఇది. డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకుంటాయి. టెల్మిసార్టాన్ యాంజియోటెన్సిన్ పట్టును వదులు చేస్తుంది. హైడ్రోక్లోరోథయజైడ్ ఉప్పునూ నీటినీ మూత్రంలోకి పంపేస్తుంది. విడివిడిగా మూడూ పనికొచ్చే మందులే. చెమటకి నీరు పోయిన ఒంట్లో మూడూ ఒకేసారి పనిచేస్తే వడపోత కొద్ది రోజుల్లోనే కుప్పకూలవచ్చు. సకాలంలో పసిగట్టి నొప్పి మందు ఆపి, పీహెచ్‌సీ డాక్టరు చెప్పినట్టు మిగతావి సరిచేసి, పోయిన నీటిని భర్తీ చేస్తే చాలామందికి కిడ్నీ తిరిగి కోలుకుంటుంది. కిడ్నీ జబ్బులు ఇప్పటికే ఎక్కువగా ఉన్న ప్రాంతంలో ఆ అవకాశాన్ని జారవిడుచుకోకూడదు.

ఇదంతా మందుల సమాచార కోశాల్లో ఉంది. ఉన్నది ఉన్నట్టు దొరకదు, అదే చిక్కు.

మొదటి చిక్కు షీటు మీది పేరు. ముందుగా కంటపడేది కంపెనీ పెట్టుకున్న పేరు. అసలు మందు పేరు దాని దగ్గరే ఉంటుంది, కాకపోతే షీటులో నాలుగు బిళ్ళలు చింపి ఇచ్చేసరికి ఆ భాగం పోతుంది. మన దేశంలో బ్రాండ్లు వేలకు వేలు. ఒకే మందుకి వందల పేర్లు, దాదాపు ఒకేలా వినిపించే పేర్లలో వేరువేరు మందులు. మలేరియా మందులైన ఫాల్సిగో, ఫాల్సిటాబ్ పేర్ల మీద రెండు కాడిలా కంపెనీల మధ్య వచ్చిన తగాదాలో 2001లో సుప్రీంకోర్టు, మందుల పేర్ల విషయంలో మామూలు సరుకుల కంటే గట్టి కొలమానం ఉండాలని చెప్పింది. సబ్బు పేరు తికమకైతే పోయేది డబ్బు, మందు పేరు తికమకైతే ప్రాణమే పోవచ్చు. 2019లో నిబంధనలు మారాయి. కొత్త బ్రాండు పేరు మరో మందు పేరును పోలి లేదని కంపెనీ హామీపత్రం ఇవ్వాలి. 2023 ఆగస్టు 1 నుంచి ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి అయింది. ఫోన్‌తో స్కాన్ చేస్తే అసలు మందు పేరు, తయారీదారు, బ్యాచి, గడువు తేదీ కనిపించాలి. మంచి పని. నొప్పి బిళ్ళలమ్మే చిన్న బ్రాండ్లకీ ఇది రావాలి.

రైతు సంచీలోని నొప్పి బిళ్ళలో అసెక్లోఫెనాక్, పారాసెటమాల్, సెర్రాషియోపెప్టిడేజ్ అని మూడు ఉన్నాయనుకుందాం. ఇలాంటి కలగలుపు బిళ్ళలు మన షాపుల్లో మామూలే. బ్రాండు పేరుతో వెతికితే ఆన్‌లైన్ మందుల దుకాణం పేజీ ముందు వస్తుంది, ధర, తగ్గింపు, 'కొనండి' అనే మీటతో సహా. ఆ పేజీలో సమాచారం ఉండదని కాదు, అమ్మడం దాని మొదటి పని. కాబట్టి హెల్త్ ఆఫీసరు చేయాల్సిన మొదటి పని, మాత్రను విడగొట్టి లోపలి మందుల పేర్లు కాగితం మీద రాసుకోవడం. బీపీ మాత్రకూ అంతే. ఇప్పుడు ఆమె ముందు రెండు బిళ్ళలు కాదు, ఐదు మందులు ఉన్నాయి. ఇంతవరకూ ఇంటర్నెట్ అవసరమే పడలేదు. నా దృష్టిలో వెతుకులాటలో సగం పని ఇదే.

రెండో చిక్కు ఇంకా లోతైనది. రెండు మూడు మందులు కలిస్తే ఏమవుతుందో చెప్పే ఉచిత సాధనాలు చాలా ఉన్నాయి. పేర్లు కొడితే చాలు, ఎరుపు, పసుపు రంగుల్లో హెచ్చరికలు వస్తాయి. వాటిలో ఎక్కువ భాగం మందులను జతలు జతలుగానే చూస్తాయి. అసెక్లోఫెనాక్‌తో టెల్మిసార్టాన్, అసెక్లోఫెనాక్‌తో హైడ్రోక్లోరోథయజైడ్, ఇలా. ఒక్కో జత పక్కన 'జాగ్రత్తగా వాడండి' అన్న మోస్తరు హెచ్చరిక ఉంటుంది. ఆ రైతు ప్రమాదం ఏ ఒక్క జతలోనూ పూర్తిగా లేదు. మూడు మందులూ, మే నెల ఎండా, అరవై దాటిన కిడ్నీ కలిసిన చోట ఉంది. ఆ నాలుగో, ఐదో సంగతులు యంత్రానికి ఎవరూ చెప్పలేదు. అవి తెలిసింది ఎదురుగా కూర్చున్న ఆ అమ్మాయికే. పైగా ఇలాంటి సాధనాలు చిన్నా పెద్దా అన్నింటికీ గంట కొడుతూ ఉంటే, కొన్నాళ్ళకి చూసేవాళ్ళు హెచ్చరికలను చదవకుండానే తోసేస్తారు. ఆసుపత్రుల్లో కంప్యూటర్లు వచ్చిన చాలాచోట్ల ఇది కనిపించింది.

మూడోది అన్నిటికంటే మోసకారి, ఏమీ దొరకకపోవడం. డైలీమెడ్ అనేది అమెరికాలో అమ్ముడయ్యే మందుల అధికారిక లేబుళ్ళ కోశం. ఉచితం, నమ్మదగినది. అసెక్లోఫెనాక్‌కు గానీ నిమెసులైడ్‌కు గానీ అమెరికా ఎన్నడూ అనుమతి ఇవ్వలేదు. అందువల్ల మన షాపుల్లో రోజూ చేతులు మారే ఈ మందుల లేబుళ్ళ కోసం అక్కడ వెతికితే చేయి ఖాళీ. హెచ్చరిక లేదు కాబట్టి ముప్పు లేదనుకుంటే అది ఘోరమైన పొరపాటు. నిమెసులైడ్‌ను పన్నెండేళ్ళ లోపు పిల్లలకు వాడకూడదని మన ప్రభుత్వం 2011లో నిషేధం పెట్టింది. ఆ సంగతి తెలియాలంటే మన దేశపు ఆధారాలే చూడాలి. గాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ ప్రచురించే నేషనల్ ఫార్ములరీ ఆఫ్ ఇండియా, కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ నోటీసులు అలాంటివి. వైద్య కోశం కూడా ఒక దేశానిదే. ఆ దేశపు మందులు, ఆ దేశపు రోగాలు, ఆ దేశపు చట్టం అందులో ఉంటాయి.

నల్లమల అంచున ఉన్న మనకు దీని అసలు అర్థం పాముకాటు దగ్గర తెలుస్తుంది. అమెరికన్ లేబుల్‌లో కనిపించే విరుగుడు అక్కడి గిలకపాములకి చేసింది. మన దేశంలో వాడేది నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషాలకి కలిపి చేసిన విరుగుడు. దాన్ని ఎంత ఇవ్వాలో, ఎలా ఇవ్వాలో మన జాతీయ చికిత్సా మార్గదర్శకాలు చెబుతాయి. అందులో ఒక సంగతి మామూలు లెక్కకు ఎదురు నడుస్తుంది. ఇతర మందులు చాలావరకు పిల్లల బరువును బట్టి తగ్గిస్తాం. పాము విరుగుడు మాత్రం ఐదేళ్ళ పిల్లకీ పెద్దవాళ్ళకిచ్చినంతే. పాము పిల్లని చూసి విషం తగ్గించి కరవదు కదా, విరుగుడు ఆ విషాన్ని కట్టడి చేయాలి. 'పిల్లల మోతాదు' అని ఏ సాధారణ లెక్క యంత్రంలోనో కొట్టి సగం ఇచ్చేస్తే నష్టం ఊహించుకోవచ్చు. పురుగుమందు మింగిన కేసుల్లో డబ్బా మీది రసాయనం పేరు చదివి చెబితే సలహా ఇచ్చే జాతీయ విష సమాచార కేంద్రం 1995 నుంచి ఢిల్లీ ఎయిమ్స్‌లో ఉంది. అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న పీహెచ్‌సీ డాక్టరుకి నలభై పేజీల వ్యాసం కంటే అలాంటి ఒక్క ఫోన్ నంబరు ఎక్కువ పనికొస్తుంది.

ఇంతకీ ఈ కోశాలన్నీ ఒకటి కావు. లేబుల్ అనేది కంపెనీ రాసి ప్రభుత్వం ఆమోదించినది. ఫార్ములరీ అనేది నిపుణుల సంఘం కూర్చుని మోతాదు, జాగ్రత్తలు కుదించి రాసినది. బ్రిటన్‌వాళ్ళ ఫార్ములరీ రెండో ప్రపంచయుద్ధ కాలపు చేతిపుస్తకం నుంచి పుట్టి 1949 నుంచి ఆ పేరుతో వస్తోంది. అప్‌టుడేట్, మైక్రోమెడెక్స్ వంటివి చందా కట్టి చదివేవి. అప్‌టుడేట్ చందా చిన్న ఊరి ప్రాక్టీసుకి తూగేది కాదు. మెడ్‌స్కేప్‌కి పేరు నమోదు చేసుకుంటే చాలు. పాలిచ్చే తల్లి మందు వేసుకోవచ్చా అని అడిగితే, 2006లో మొదలైన లాక్ట్‌మెడ్ ఉచితంగా జవాబు చెబుతుంది. పల్లె ఏఎన్‌ఎంలు తరచుగా ఎదుర్కొనే ప్రశ్న అది. ఏ యాంటీబయాటిక్ ముందు, ఏది దాచుకోవాలి అన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఉచిత పుస్తకం ఇచ్చింది. ఎవరైనా దిద్దగలిగే విజ్ఞానకోశాల మాటేమిటి? 2008లో కెవిన్ క్లాసన్ బృందం 80 మందుల ప్రశ్నలతో వికీపీడియానూ మెడ్‌స్కేప్ మందుల విభాగాన్నీ పోల్చింది. మెడ్‌స్కేప్ 82.5 శాతం ప్రశ్నలకు జవాబిచ్చింది, వికీపీడియా 40 శాతానికి. మోతాదు ప్రశ్నలకి వికీపీడియాలో జవాబే లేదు. ఆ తర్వాత వికీపీడియా చాలా మెరుగుపడింది గానీ, మోతాదుకి అక్కడికి వెళ్ళకూడదన్న మాట ఇవాళా నిలుస్తుంది.

పరిశోధన వ్యాసాల కోశం పబ్‌మెడ్. 1879లో అచ్చు సూచికగా మొదలైన పని 1971లో మెడ్‌లైన్ పేరుతో కంప్యూటర్ తీగల మీదికి ఎక్కింది. 1997లో పబ్‌మెడ్ రూపంలో అందరికీ ఉచితమైంది. ఇప్పుడు అందులో మూడున్నర కోట్లకు పైగా వ్యాసాల వివరాలున్నాయి. దొరికేది ఎక్కువగా శీర్షిక, సారాంశం. పూర్తి వ్యాసానికి చాలాసార్లు డబ్బు కట్టాలి. 2025 జనవరి నుంచి కేంద్ర ప్రభుత్వం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద సుమారు 13,000 పత్రికలను ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకూ కేంద్ర పరిశోధన సంస్థలకూ తెరిచింది. ఆ జాబితాలో పీహెచ్‌సీ లేదు. రోగిని ముందు చూసే డాక్టరు చేతికి అందని గ్రంథాలయం అసంపూర్ణమనే నేనంటాను. చికిత్సల ఫలితాలను జల్లెడపట్టే కోక్రేన్ లైబ్రరీని భారతీయులందరూ ఉచితంగా చదివేలా 2007లో భారత వైద్య పరిశోధన మండలి చందా కట్టింది. దారి అప్పుడే తెలిసింది, ఇప్పుడూ ఆ దారినే నడవాలి.

శీర్షిక చదివి వదిలేస్తే ఏమవుతుందో చెప్పే కథ ఒకటుంది. 1980 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఐదు వాక్యాల లేఖ ఒకటి వచ్చింది. ఆసుపత్రిలో ఉండగా మత్తు తరహా నొప్పి మందులు తీసుకున్నవాళ్ళలో వ్యసనం అరుదని అందులో ఉంది. చాలామంది దాన్ని, ఇంటికి పంపాక నెలల తరబడి వాడినా వ్యసనం రాదన్నట్టు ఉదహరిస్తూ పోయారు. 2017లో లెక్కతీస్తే ఆ లేఖను 608 సార్లు ఉదహరించారు. పదింట ఎనిమిది మంది, ఆ రోగులు ఆసుపత్రిలో ఉన్నవాళ్ళన్న మాటే రాయలేదు. అమెరికాలో లక్షల కుటుంబాలను కూల్చిన మత్తుమందుల విపత్తుకి తోడ్పడిన వాటిలో ఆ చిన్న లేఖ ఒకటి. ఐదు వాక్యాలు చదవడానికి ఒక నిమిషం కూడా పట్టదు.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల చేసిన ఫోలిక్ ఆమ్ల విరోధుల్లో ఇదొకటి. వాటిలో మరొకటైన అమినోప్టెరిన్‌తో 1948లో సిడ్నీ ఫార్బర్, లుకేమియా సోకిన పిల్లల్లో తాత్కాలిక ఉపశమనం సాధించి చూపాడు. ఇవాళ మెథోట్రెక్సేట్ రుమటాయిడ్ కీళ్ళవాతానికి కూడా చిన్న మోతాదులో వాడతారు, వారానికి ఒక్కసారి మాత్రమే. ఒంగోలులోనో గుంటూరులోనో డాక్టరు రాసిన ఆ చీటీని ఊళ్ళో ఎవరో 'రోజుకొకటి' అని చదివితే, కొద్ది రోజుల్లో నోరు పుండ్లుపడి, రక్తకణాలు తగ్గిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఇలాంటి మరణాలు నిజంగా జరిగాయి. అమెరికా లేబుల్ ముందు భాగంలోనే దాని గురించి హెచ్చరిక ఉంది. మూత్రంలో మంట అని కో-ట్రైమాక్సజోల్ కలిపినా అలాంటి ముప్పే. ఏ మంచి కోశంలో చూసినా రెండు నిమిషాల్లో తెలిసే సంగతి ఇది.

సమాచారం నిలబడి ఉండదు కూడా. షుగర్ మందు పయోగ్లిటజోన్ అమ్మకాన్ని 2013 జూన్‌లో కేంద్రం నిలిపేసింది. జూలై చివరికల్లా హెచ్చరికతో మళ్ళీ అనుమతించింది. ఆ ఆరు వారాల్లో అచ్చయిన పుస్తకం ఏం రాసినా తప్పే అయ్యేది. ప్రయోజనం రుజువు కాని మందుల మిశ్రమాలను 2016లో 344, 2024లో 156 నిషేధించారు. నిషేధాల మీద కోర్టు కేసులు కూడా నడిచాయి. అందుకే ఏ పేజీ తెరిచినా ముందు చూడాల్సింది దాన్ని చివరిసారి ఎప్పుడు దిద్దారన్న తేదీ.

ఈ పనంతా ఒక్క పల్లె హెల్త్ ఆఫీసరు నెత్తిన వేయడం న్యాయం కాదు. ఊరి క్లినిక్ నుంచి పెద్ద ఆసుపత్రి డాక్టరుతో మాట్లాడించే ఈ-సంజీవని 2019 నవంబరులో దేశంలోనే మొదట ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. డాక్టరుకి కూడా మందుల సమాచారంలో తోడు కావాలి. ఆ పనికే శిక్షణ పొందిన మనిషి ఫార్మసిస్టు. 1962లో అమెరికాలో కెంటకీ విశ్వవిద్యాలయం మొదటి ఔషధ సమాచార కేంద్రం తెరిచింది. మన దేశంలో ఆరేళ్ళ ఫార్మ్‌డీ కోర్సు 2008లో వచ్చింది. అనంతపురం రిపర్ కళాశాల ఫార్మ్‌డీ విద్యార్థులు బత్తలపల్లి ఆర్‌డీటీ ఆసుపత్రి వార్డుల్లో తిరుగుతూ, చీటీలు పరిశీలిస్తూ నేర్చుకుంటారు. మార్కాపురంలోనూ ఫార్మసీ చదువు చెప్పే కళాశాల ఉంది. తర్లుపాడు, కంభం, గిద్దలూరు ప్రాంతాల్లోని పీహెచ్‌సీల నుంచి ఫోన్ చేస్తే 'ఈ ఐదు మందులు, ఈ వయసు, ఈ ఎండ' అని విని, నాలుగు చోట్ల చూసి, ఆధారంతో సహా జవాబు చెప్పే మనిషి మార్కాపురంలో ఉండాలి. చందా కట్టిన ఒక్క కోశం ఆ ఒక్క బల్ల మీద ఉంటే ఎన్నో మండలాలకి సరిపోతుంది.

ఇంకొక ముఖ్యమైన సంగతి. ఈ కోశాల్లోకి సమాచారం ఎక్కడి నుంచి వస్తుంది? మందు బజారులోకి రాకముందు కొన్ని వేల మంది మీద పరీక్షిస్తారు. లక్షలో ఒకరికి వచ్చే దుష్ఫలితం అప్పుడు కనిపించదు. 1961లో థాలిడోమైడ్ వల్ల చేతులు, కాళ్ళు లేని పిల్లలు పుడుతున్నారని బయటపడ్డాకే చాలా దేశాలు దుష్ఫలితాల నివేదికలు కూడబెట్టడం మొదలుపెట్టాయి. స్వీడన్‌లోని ఉప్సలా కేంద్రం 1978 నుంచి చూసుకుంటున్న ప్రపంచ కోశంలో ఇప్పుడు మూడు కోట్లకు పైగా నివేదికలున్నాయి. మన దేశం 1998లో అందులో చేరింది. ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియా 2010లో మొదలై, 2011 నుంచి గాజియాబాద్‌లో నడుస్తోంది. ఆ కార్యక్రమానికి చేరిన నివేదికలను పరిశీలించాకే 2023 నవంబరు చివర మెఫెనమిక్ ఆమ్లం మీద హెచ్చరిక ఇచ్చారు. నెలసరి నొప్పికి, పిల్లల జ్వరానికి మన ఇళ్ళలో విరివిగా వాడే మందు అది. అరుదుగా ఒంటినిండా దద్దుర్లు, జ్వరం, కాలేయం దెబ్బతినడం కలిసి వచ్చే తీవ్రమైన ప్రతిచర్య రావచ్చని, మందు మొదలుపెట్టాక రెండు నుంచి ఎనిమిది వారాల్లో బయటపడవచ్చని అందులో ఉంది. ఎక్కడో ఎవరో ఓపికగా ఫారం నింపి పంపారు కాబట్టి ఆ హెచ్చరిక పుట్టింది.

ఆ ఫారం డాక్టర్లకే పరిమితం కాదు. నర్సులు, ఫార్మసిస్టులు పంపవచ్చు. రోగులు నేరుగా పంపుకునే ఫారం తెలుగులో కూడా ఉంది. రోగి పేరు మొదటి అక్షరాలు, వయసు, ఏ మందు, ఎప్పుడు మొదలుపెట్టారు, ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, పంపేవారి వివరాలు ఉంటే చాలు. మందే కారణమని రుజువు చేయాల్సిన పని పంపేవారిది కాదు, అనుమానం ఉంటే సరిపోతుంది. పని దినాల్లో 1800-180-3024కి ఉచితంగా ఫోన్ చేసి చెప్పినా రాసుకుంటారు. ఎండాకాలంలో నొప్పి బిళ్ళ, బీపీ మాత్ర కలిసి కిడ్నీ మీద పడిన రైతు సంగతి కూడా అక్కడికి చేరాల్సిందే. ఫ్లోరైడ్ నీళ్ళ మధ్య, ఇంత ఎండలో, ఈ మందుల కలయిక ఎలా ప్రవర్తిస్తుందో లండన్‌లోనో బోస్టన్‌లోనో రాసిన పుస్తకానికి తెలియదు. తర్లుపాడు పీహెచ్‌సీ నుంచి ఆ వివరాలు వెళితేనే వాళ్ళకీ మనకీ తెలుస్తుంది.